తస్వీరులు ఆపితే జుబాన్ మాయమైంది: బ్రౌజర్ రఫ్తార్ తారీఖ్



సంక్రాంతికి ముందు రోజుల్లో మన చిల్లకల్లు టోల్ ప్లాజా దగ్గర కాసేపు నిలబడండి. హైదరాబాద్ నుంచి వచ్చే కార్లు బారులు తీరి ఉంటాయి. ఎన్ని గేట్లు తెరిచారు, ఏ గేటులో లారీ ఆగిపోయింది, గేటు దాటాక రోడ్డు ఎంత వెడల్పుంది అన్న మూడు సంగతులే ఎవరు ఎప్పుడు ఇల్లు చేరతారో తేలుస్తాయి. ఇంటర్నెట్ పేజీ మన స్క్రీన్ మీదికి వచ్చే తరీఖా కూడా అసలుకు ఇంతే. అందుకే ఈ తారీఖ్‌ను మన ఊరి టోల్ గేటు దగ్గర మొదలుపెడుతున్నాను.

ఇప్పుడు ఫోన్ తీసి వేలు పెడితే పేజీ వచ్చేస్తుంది. పాతికేళ్ల కిందట అలా కాదు. బ్రౌజర్‌ను తేజ్ చేయడం ఒక హునర్. జగ్గయ్యపేట, నందిగామ లాంటి ఊళ్ల నెట్ సెంటర్లలో కుర్రాళ్లు ఆ తరకీబులను నోట్‌బుక్ వెనక అట్ట మీద రాసుకుని తిరిగేవాళ్లు. ఏ మెనూలోకి వెళ్లాలి, ఏ టిక్కు తీసేయాలి, ఏ అంకె మార్చాలి అని హకీమ్ నుస్ఖా రాసుకున్నట్టు రాసుకునేవాళ్లు. కంప్యూటర్ పత్రికల్లోనూ నెలకొకసారి ఇలాంటి వ్యాసం వచ్చేది.

ఆ నుస్ఖాలు రాసినవాళ్లు ఇంగ్లీషు పేజీలను మనసులో పెట్టుకుని రాశారు. ఉర్దూ, తెలుగు చదివే మన ఇళ్లలో అవి వేరేలా పనిచేశాయి. ఇంగ్లీషువాడికి పేజీ తొందరగా తెరుచుకునేలా చేసిన అదే సెట్టింగ్ మన పేజీని ఖాళీ చేసింది. రఫ్తార్ కోసం ఏది వదులుకున్నాం, అందులో మన జుబాన్ ఎంత పోయింది అన్నదే ఈ రోజు మౌజూ.

ఇంటి సంగతి ముందు చెప్పుకోవాలి. మన వైపు చాలా ఇళ్లలో దాదా ఉర్దూ అఖ్బార్ చదువుతారు, తెలుగు కూడబలుక్కుంటారు. మనవడు ఉర్దూ గలగలా మాట్లాడతాడు, రాసి చూపిస్తే చదవలేడు, వాడి చదువంతా తెలుగు. నూర్‌బాషా ఇళ్లలాంటి చోట్ల ఇంటి మాటే తెలుగు, దువాలు అరబ్బీ, పెళ్లి పత్రిక తెలుగు. అంటే ఒకే కంప్యూటర్ ముందు కూర్చున్న ఒక్క ఖాన్‌దాన్‌కు రెండు మూడు లిపులు కావాలి. 

కిలోబైట్ల హిసాబ్

మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ ఇచ్చింది వీఎస్‌ఎన్‌ఎల్, 1995 ఆగస్టు 15న. మొదట నాలుగు మహానగరాలకే. విద్యార్థులకు తక్కువ ధరకు 'షెల్ అకౌంట్' అని ఒకటి ఇచ్చేవాళ్లు. అందులో బొమ్మ రాదు, రంగు రాదు, నల్ల తెర మీద ఇంగ్లీషు అక్షరాలు మాత్రమే. లింక్స్ అనే అక్షరాల బ్రౌజర్‌తో పేజీలు చదివేవాళ్లు. ఉన్న లైనుకు అది చాలా తేజ్. అయితే ఆ తెర మీద అలిఫ్‌కూ చోటు లేదు, 'అ'కూ చోటు లేదు. ఈ కథ ఎలా నడవబోతోందో అప్పుడే తెలిసిపోయింది.

1998 నవంబరులో ప్రైవేటు కంపెనీలకు ఇజాజత్ వచ్చింది. 2000 అక్టోబరులో బీఎస్‌ఎన్‌ఎల్ ఏర్పడ్డాక సంచార్‌నెట్ పేరుతో చిన్న పట్టణాల టెలిఫోన్ లైన్ల మీద డయలప్ కనెక్షన్లు దొరికాయి. మోడెమ్ డబ్బా మీద 56 అని రాసి ఉండేది. అంటే సెకనుకు 56 కిలోబిట్లు. బిట్లను బైట్లలోకి మారిస్తే 7 కిలోబైట్లు. అది కాగితం మీది లెక్క. పాత రాగి తీగల మీద చేతికి వచ్చేది 4 కిలోబైట్లో, బాగుంటే 5.

దీని మతలబ్ చూడండి. ఒక ఫోటో 60 కిలోబైట్లు ఉంటే అదొక్కటే రావడానికి 15 సెకన్లు. అలాంటివి పది ఉన్న పేజీకి రెండున్నర నిమిషాలు. ఆ సేపంతా ఫోన్ బిల్లు నడుస్తుంటుంది. లైన్ కూడా అదే కాబట్టి దమ్మామ్ నుంచో దుబాయ్ నుంచో అబ్బా ఫోన్ చేస్తే ఎంగేజ్ టోన్. కాబట్టి ఒక్కో సెకను ఆదా చేయడం ఇంటి ఖర్చు సంగతి. బ్రౌజర్ సెట్టింగులు అంతగా వెతకడానికి వజా ఇదే.

మొదటి నుస్ఖా: బొమ్మలు ఆపెయ్

అన్నిటికన్నా జోరుగా పనిచేసిన తరకీబ్ ఒకటే, బొమ్మలు రానివ్వకపోవడం.

వెబ్ పేజీలో అక్షరాల మధ్యనే బొమ్మ కనిపించేలా చేసి దాన్ని జనంలోకి తెచ్చిన బ్రౌజర్ 1993లో వచ్చిన మొజాయిక్. తర్వాత 1994లో వచ్చిన నెట్‌స్కేప్‌లో 'ఆటో లోడ్ ఇమేజెస్' అని ఒక టిక్కు ఉండేది. అది తీసేస్తే బొమ్మలు వాటంతటవి రావు, కావాలనుకున్నప్పుడు బటన్ నొక్కి తెప్పించుకోవాలి. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో దారి ఇంకొంచెం లోపలికి ఉండేది. టూల్స్, ఇంటర్నెట్ ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్, కిందికి జరిపితే మల్టీమీడియా, అక్కడ 'షో పిక్చర్స్'. ఆ టిక్కు తీస్తే పేజీ బరువు ఒక్కసారిగా దిగిపోయేది. బొమ్మ ఉండాల్సిన చోట చిన్న గడి కనిపించేది, అంతే. వార్త చదవాలనుకున్న ఇంగ్లీషువాడికి నష్టమేమీ లేదు, ఎందుకంటే వార్త అక్షరాల్లో ఉంది.

అదే టిక్కు తీసి ఉర్దూ అఖ్బార్ తెరిచి చూస్తే పేజీ నిండా గడులే. ఒక్క హర్ఫ్ కనిపించదు, ఎందుకంటే ఆ రోజుల్లో చాలా ఉర్దూ అఖ్బారులు నెట్ మీద పెట్టింది అక్షరాలను కాదు, అక్షరాల తస్వీరులను. వార్తను కంప్యూటర్‌లో కంపోజ్ చేసి, దాన్నంతా బొమ్మగా మార్చి, జిఫ్ ఫైలుగా పెట్టేవాళ్లు. హెడ్డింగూ బొమ్మే, ఖబరూ బొమ్మే, చివరి ముఫ్తీ గారి జవాబూ బొమ్మే. బొమ్మలు ఆపితే జుబాన్ ఆగిపోయినట్టే. ఆపకపోతే ఒక్కో ఖబర్‌కు పది పదిహేను సెకన్ల ఇంతెజార్. ఈ నుస్ఖా ఉర్దూవాళ్లకు పనికిరాలేదు.

ఎందుకిలా? నస్తాలీఖ్ కథ

ఇది అఖ్బార్‌వాళ్ల బద్ధకం కాదు. దీని వెనక నస్తాలీఖ్ ఖత్ ఉంది.

ఉర్దూను మనవాళ్లు చదివేది నస్తాలీఖ్‌లో. అందులో హర్ఫులు ఒకే గీత మీద నిలబడవు. కుడి పైనుంచి ఎడమ కిందికి జారుతూ ఒకదాని భుజం మీద ఒకటి వాలతాయి. పక్క హర్ఫును బట్టి ప్రతి హర్ఫ్ తన షకల్ మార్చుకుంటుంది. సీసం అచ్చులకు అది లొంగలేదు. అందుకే ఇంగ్లీషు, తెలుగు పత్రికలు టైపుతో అచ్చవుతున్న రోజుల్లో కూడా ఉర్దూ అఖ్బార్‌ను ఖాతిబ్‌లు కలంతో రాసి, లిథోలో అచ్చు వేసేవాళ్లు. చెన్నైలో 1927లో మొదలైన 'ది ముసల్మాన్' రోజువారీ అఖ్బార్ కంప్యూటర్ల కాలంలో కూడా ఖాతిబ్‌ల చేతి రాతతోనే నడిచింది.

ఈ గిరా విప్పింది పాకిస్తాన్‌కు చెందిన మీర్జా అహ్మద్ జమీల్. హర్ఫులను విడివిడిగా కాక, కలిసిన ముక్కలు ముక్కలుగా, 18,000కు పైగా ఆయన తయారుచేశారు. దాని పేరు నూరీ నస్తాలీఖ్. 1981లో లాహోర్ 'జంగ్' అఖ్బార్ దానితో కంప్యూటర్ మీద కంపోజ్ అయింది. ఆ ఖత్ మామూలు కంప్యూటర్లకు చేరింది 1994లో వచ్చిన ఇన్‌పేజ్ సాఫ్ట్‌వేర్‌తో. దాన్ని తయారుచేసింది ఢిల్లీ కంపెనీ. ఉర్దూ కంపోజింగ్ చేసేవాళ్ల టేబుల్ మీదికి ఇన్‌పేజ్ వచ్చేసింది.

కానీ ఇన్‌పేజ్ తన అక్షరాలను తన సొంత లెక్కలో దాచుకునేది. బ్రౌజర్‌కు ఆ లెక్క తెలియదు. అక్షరాలుగా ఇస్తే చదవలేదు కాబట్టి బొమ్మగా ఇవ్వడమొక్కటే దారి. ప్రింటుకు మహా గొప్పగా పనికొచ్చిన చీజ్ నెట్ మీద బరువైపోయింది.

తెలుగు మస్లా వేరు

తెలుగు పత్రికలు ఇంకో దారిలో వెళ్లాయి. బొమ్మలు పెట్టకుండా అక్షరాలే పెట్టాయి, కానీ ప్రతి పత్రికకూ తన సొంత ఫాంట్. పైకి 'క' అని కనిపించే చోట లోపల ఏదో ఇంగ్లీషు గుర్తు ఉంటుంది. ఆ పత్రిక ఫాంట్ మన కంప్యూటర్‌లో ఉంటేనే అది 'క'. లేకపోతే తావీజులో రాసినట్టు గుర్తులు.

ఈ తక్లీఫ్‌కు 1997లో వచ్చిన మందు డైనమిక్ ఫాంట్. పేజీతో పాటు ఫాంట్ కూడా దానంతటది దిగుతుంది. నెట్‌స్కేప్‌ది ఒక రకం, ఎక్స్‌ప్లోరర్‌ది ఇంకో రకం. 'ఈనాడు' వెబ్‌సైట్ ఇలాగే తన ఫాంట్‌ను పంపించేది. బొమ్మలు ఆపినా తెలుగు ఖబర్ చదవగలిగేవాళ్లం.

ఐతే ఎక్స్‌ప్లోరర్ సెక్యూరిటీ సెట్టింగుల్లో 'ఫాంట్ డౌన్‌లోడ్' అని ఒకటి ఉంది. హిఫాజత్ కోసమో వేగం కోసమో దాన్ని ఆపేస్తే తెలుగు పేజీ మళ్లీ తావీజే. ఇక 2004 నవంబరులో ఫైర్‌ఫాక్స్ వచ్చింది. ఎక్స్‌ప్లోరర్ కన్నా తేజ్ అని అందరూ దానివైపు పరిగెత్తారు. ఎక్స్‌ప్లోరర్ ఫాంట్ దానికి పడదు. అంటే తేజ్ బ్రౌజర్‌లో ఇంగ్లీషు బాగుంది, తెలుగు పత్రిక లేదు. తెలుగు పత్రిక కావాలంటే నెమ్మది బ్రౌజర్‌కు తిరిగి రావాలి.

ఇక్కడ ఒక మన తెలుగువాడి పేరు తప్పకుండా చెప్పాలి. వెన్న నాగార్జున 'పద్మ' అనే పొడిగింపు తయారుచేశారు. ఫైర్‌ఫాక్స్‌లో దాన్ని పెట్టుకుంటే పత్రికల సొంత లెక్కల తెలుగు అప్పటికప్పుడు యూనికోడ్ తెలుగుగా మారి కనిపించేది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాను మొదలుపెట్టింది కూడా ఆయనే. సెట్టింగులు మార్చి సర్దుకోవడం అందరూ చేశారు. ఆయన సెట్టింగే లేని చోట ఒకటి తయారుచేసి ఇచ్చారు. అల్లాహ్ ఆయనకు మేలు చేయాలి.

రెండు జుబాన్‌లకు ఒకే టిక్కు

విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో ఇంకో సంగతి. యూనికోడ్ తెలుగు పేజీ తెరిస్తే వరసగా డబ్బాలు కనిపించేవి. లేకపోతే ఒత్తులు, గుణింతాలు విడిపోయి పడి ఉండేవి. కంట్రోల్ ప్యానెల్‌లో రీజినల్ అండ్ లాంగ్వేజ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి ఒక టిక్కు పెట్టాలి. ఆ టిక్కు పక్కన రాసి ఉన్న మాటల అర్థం ఏమిటంటే, 'జటిల లిపులకూ, కుడి నుంచి ఎడమకు రాసే భాషలకూ కావలసిన ఫైళ్లు పెట్టు'. జటిల లిపి అంటే మన తెలుగు. కుడి నుంచి ఎడమకు అంటే మన ఉర్దూ, అరబ్బీ. మైక్రోసాఫ్ట్‌వాడు తెలియకుండానే మన ఇంటి ఇద్దరినీ ఒకే టిక్కులో కూర్చోబెట్టాడు. దాదాకూ మనవడికీ ఒకేసారి తలుపు తెరుచుకునేది.

కానీ ఆ టిక్కు పెట్టాలంటే విండోస్ సీడీ కావాలి. సీడీ ఎవరి దగ్గర ఉంటుంది? కంప్యూటర్ అమ్మినవాడి దగ్గర. దాంతో చాలా ఇళ్లలో ఆ టిక్కు పెట్టకుండానే కంప్యూటర్ ముసలిదైపోయింది. కంప్యూటర్‌కు తెలుగు రాదని, ఉర్దూ అసలే రాదని మనవాళ్లలో ఒక యకీన్ ఏర్పడిపోయింది. దానికి రావడం వచ్చు. తలుపుకు గడియ పెట్టి ఉంది, తీసేవాళ్లు లేరు.

రెండో నుస్ఖా: గేట్లు పెంచు

ఇప్పుడు మన టోల్ ప్లాజా దగ్గరికి వద్దాం. 1997లో వచ్చిన హెచ్‌టీటీపీ 1.1 ఖాయిదా ప్రకారం ఒక బ్రౌజర్ ఒక సర్వర్‌తో ఒకేసారి రెండు కనెక్షన్లకు మించి పెట్టుకోకూడదు. అంటే రెండే గేట్లు. పేజీలో ముప్పై ముక్కలుంటే అన్నీ ఆ రెండు గేట్లలోంచే వరసగా రావాలి. విండోస్ రిజిస్ట్రీలోకి వెళ్లి ఆ రెండును పదిగా మార్చడం అప్పట్లో మషూర్ తరకీబ్.

పని చేసిందా? లైన్‌ను బట్టి. బ్రాడ్‌బ్యాండ్ ఉన్నవాడికి ఫాయిదా ఉంది, రోడ్డు వెడల్పు కాబట్టి గేట్లు పెంచితే కార్లు కదులుతాయి. డయలప్ వాడికి గేటు దాటగానే ఒంటి బాట. పది గేట్లు తెరిచినా ఆ బాట మీదికి ఒక్కొక్కటే ఎక్కాలి. పది బొమ్మలు ఒకేసారి మొదలవుతాయి, పదీ నత్తలా నడుస్తాయి. కళ్లకు హడావుడి కనిపిస్తుంది, గడియారంలో తేడా ఉండదు. బ్రౌజర్లే తర్వాత ఆ అంకెను పెంచేశాయి. 2009లో ఎక్స్‌ప్లోరర్ 8 దాన్ని ఆరు చేసింది. కుర్రాళ్లు చేసిన పని కొంతవరకు సహీ అని దానితో తేలింది.

ఫైర్‌ఫాక్స్‌లో ఇంకో ఖజానా ఉంది. అడ్రసు గడిలో 'అబౌట్ కాన్ఫిగ్' అని కొడితే వందల సెట్టింగులు బయటపడతాయి. అందరూ మార్చింది 'పైప్‌లైనింగ్'. ఒక ముక్క వచ్చేదాకా ఆగకుండా, కావలసినవన్నీ ఒకే కనెక్షన్‌లో వరసగా అడిగేయడం. ఫైర్‌ఫాక్స్‌లో అది మామూలుగా ఆపి ఉండేది, మనవాళ్లు తెరిచి అంకెను 30 చేసుకునేవాళ్లు. చిక్కు ఏమిటంటే, అడిగిన వరసలోనే జవాబులు రావాలి. గేటులో ముందున్న లారీ డ్రైవర్ చిల్లర వెతుక్కుంటుంటే వెనక అంబులెన్స్ ఉన్నా ఆగాల్సిందే. పైగా కొన్ని సర్వర్లు ఈ పద్ధతికి తికమకపడి పేజీ సగమే ఇచ్చేవి. చివరికి 2017లో ఫైర్‌ఫాక్స్ దాన్ని తీసేసింది. ఆ మస్లాకు అసలు ఇలాజ్ 2015లో హెచ్‌టీటీపీ 2తో వచ్చింది. ఒకే రోడ్డు మీద ఎవరి కోసం ఎవరూ ఆగకుండా, ముక్కలు కలిసిపోయి నడిచే ఏర్పాటు అది.

ఇంకొక అంకె ఉండేది. పేజీ కొంత చేరేదాకా ఫైర్‌ఫాక్స్ పావు సెకను ఆగి అప్పుడు గీయడం మొదలుపెడుతుంది. దాన్ని సున్నా చేస్తే మొదటి ముక్క వెంటనే కనిపిస్తుంది. కానీ వచ్చిన ప్రతి ముక్కకూ పేజీని మళ్లీ మళ్లీ గీయాలి కాబట్టి, పాత కంప్యూటర్‌లో మొత్తం పేజీ ఇంకా ఆలస్యం. కళ్లకు మాత్రమే తేజ్.

నిజంగా బర్కత్ ఉన్న తరకీబ్

ఇన్ని నుస్ఖాల్లో మన ఇళ్లకు పనికొచ్చింది అన్నిటికన్నా సాదాది. దాని పేరు కాష్. ఒకసారి వచ్చిన ముక్కలను బ్రౌజర్ కంప్యూటర్‌లో దాచుకుని, మళ్లీ వెళ్లినప్పుడు వాటినే చూపిస్తుంది. బియ్యం బస్తా ఇంట్లో ఉంటే పూటపూటా అంగడికి పోనక్కరలేదు కదా. ఎక్స్‌ప్లోరర్‌లో దానికి జాగా పెంచుకోవచ్చు, కొత్త ప్రతి కోసం ఎన్నిసార్లు వెళ్లి చూడాలో చెప్పవచ్చు. ఫైల్ మెనూలో 'వర్క్ ఆఫ్‌లైన్' ఉండేది. లైన్ ఉన్నప్పుడు పేజీలు తెరిచి పెట్టుకుని, లైన్ కట్ చేసి, తాపీగా చదువుకోవడం. ఉర్దూ బొమ్మల పేజీలు ఫోన్ బిల్లు పెరగకుండా చదవడానికి ఇదే దారి.

2005 జనవరిలో బీఎస్‌ఎన్‌ఎల్ డేటావన్ బ్రాడ్‌బ్యాండ్ 256 కిలోబిట్లతో వచ్చింది. 2004 నాటి బ్రాడ్‌బ్యాండ్ పాలసీ ప్రకారం కనీసం ఆ అంకె ఉంటే బ్రాడ్‌బ్యాండ్ కింద లెక్క. డేటాకు హద్దు ఉండేది, కానీ కొన్ని ప్లాన్లలో రాత్రి 2 నుంచి ఉదయం 8 దాకా హద్దు లేదు. మిగతా జనం ఆ టైముకు అలారం పెట్టుకుని లేవాలి. మన ఇళ్లలో తహజ్జుద్‌కు లేచే దాదీ, రంజాన్‌లో సహరీ వండే అమ్మీ ఎలాగూ లేచే ఉంటారు. ఆ వేళ తిలావత్ ఆడియోలు, బయాన్‌లు, పెద్ద ఫైళ్లు డౌన్‌లోడ్‌కు పెట్టి ఫజర్‌కు వెళ్లొస్తే పని అయిపోయి ఉండేది. ఇంజినీర్ ఎవరూ మన కోసం అనుకుని చేయలేదు గానీ, మన వఖ్త్‌కు బాగా కుదిరింది.

ఫోన్‌లో తలకిందులైన కథ

2006 జనవరి 24న ఒపెరా మినీ దునియా అంతటికీ అందుబాటులోకి వచ్చింది. బటన్ల ఫోన్‌లో కూడా నడిచే ఈ బ్రౌజర్ పేజీని నేరుగా తేదు. మధ్యలో ఒపెరా సర్వర్ పేజీని తెచ్చుకుని, పిండి, బరువు పదో వంతుకు దాకా తగ్గించి ఫోన్‌కు పంపుతుంది. చిన్న రీచార్జ్‌తో నెట్ చూడాలనుకునేవాళ్లకు అది నేమత్.

కానీ ఫోన్‌లో తెలుగు ఫాంట్ లేదు, ఉర్దూ లేదు. మళ్లీ డబ్బాలే. అప్పుడు తెలుగు బ్లాగర్లు ఒకరికొకరు చెప్పుకున్న తరకీబ్ ఒకటుంది. అడ్రసు గడిలో 'ఒపెరా కాన్ఫిగ్' అని కొట్టి, కింద చివర 'జటిల లిపులకు బొమ్మ అక్షరాలు వాడు' అన్న దాన్ని ఎస్ చేయాలి. అంతే, తెలుగు వచ్చేసేది, ఉర్దూ వచ్చేసేది. జరిగిందేమిటంటే, ఒపెరా సర్వర్ మన అక్షరాలను బొమ్మలుగా గీసి పంపేది. పేజీ కొంచెం బరువెక్కేది, కొంచెం నెమ్మదించేది.

ఆలోచించండి. పదేళ్లు మనకు చెప్పిన నసీహత్, తేజ్ కావాలంటే బొమ్మలు ఆపు అని. ఇక్కడ మనవాళ్లు చేతులారా సెట్టింగ్ మార్చి బొమ్మలు తెచ్చుకున్నారు, రఫ్తార్ తగ్గినా పర్వాలేదు అనుకున్నారు. సున్నా సెకన్లలో వచ్చే డబ్బాల కన్నా పది సెకన్లలో వచ్చే తెలుగు మేలని వాళ్లకు ఎవరూ చెప్పనక్కరలేదు.

అసలు ఇలాజ్

ఇదంతా ముగిసింది ఏ సెట్టింగ్‌తోనూ కాదు. అక్షరాన్ని అక్షరంగా రాయడంతో.

1991లో వచ్చిన యూనికోడ్ మొదటి ప్రతిలోనే తెలుగూ ఉంది, అరబ్బీ లిపీ ఉంది. దాని ప్రకారం ప్రతి హర్ఫ్‌కు దునియాలో ఎక్కడైనా ఒకటే అంకె. నెట్ మీద తెలుగు అక్షరానికి 3 బైట్లు, ఉర్దూ హర్ఫ్‌కు 2 బైట్లు. 2,000 గుర్తుల ఖబర్ తెలుగులో 6 కిలోబైట్లు, ఉర్దూలో 4. అదే ఖబర్ బొమ్మగా పెడితే 60. పాత డయలప్ మీద లెక్కేసినా 15 సెకన్ల పని ఉర్దూలో ఒక్క సెకనుకు, తెలుగులో ఒకటిన్నర సెకనుకు వస్తుంది. ఇంతటి రఫ్తార్ ఏ రిజిస్ట్రీ అంకె మార్చినా రాలేదు.

బీబీసీ ఉర్దూ తొందరగా ఆ దారి పట్టింది. బొమ్మలు మాని, నస్ఖ్ ఖత్‌లో యూనికోడ్ అక్షరాలు పెట్టింది. నస్తాలీఖ్ కాదే అని పెద్దవాళ్లు ముఖం చిట్లించి ఉంటారు, కానీ పేజీ వెంటనే వచ్చేది, వెతికితే దొరికేది. 2008లో జమీల్ నూరీ నస్తాలీఖ్ యూనికోడ్ ఫాంట్‌గా వచ్చాక ఆ కొరతా తీరింది. తెలుగు వైపు విండోస్ విస్టా నుంచి టిక్కు అవసరం లేకుండానే తెలుగు కనిపించింది. పత్రికలు ఒక్కొక్కటిగా సొంత ఫాంట్లు వదిలేశాయి.

అయితే ఈ ఆలస్యం వల్ల జరిగిన నుక్సాన్ మిగిలే ఉంది. బొమ్మలుగా పెట్టిన ఆ ఏళ్ల ఉర్దూ అఖ్బారుల్లో ఒక్క మాట వెతకలేం. బొమ్మలో ఏముందో మామూలు సెర్చ్‌కు తెలియదు. గుజరాత్ ఫసాదుల ఏడాది మన హైదరాబాద్ ఉర్దూ అఖ్బారుల్లో ఏం రాశారో ఒక పేరు కొట్టి తీసుకోవడం, అదే ఏడాది ఇంగ్లీషు పత్రిక నుంచి తీసుకున్నంత సులువు కాదు. సొంత ఫాంట్లలో రాసిన పాత తెలుగు పేజీలు ఎక్కడైనా మిగిలి ఉన్నా, ఇవాళ తెరిస్తే గుర్తులే. రఫ్తార్ పోతే తిరిగి తెచ్చుకోవచ్చు. తారీఖ్ పోతే తేవడం ముష్కిల్.

ఇప్పుడు మన చేతిలో ఉన్నది

2016 సెప్టెంబరులో జియో వచ్చాక సెకన్లు లెక్కపెట్టడం మానేశాం. 2022 ఏప్రిల్‌లో మన చిల్లకల్లు కృష్ణా జిల్లా నుంచి ఎన్టీఆర్ జిల్లాలోకి మారింది. సరిగ్గా అంతకు కాస్త ముందే ఫోన్ క్రోమ్‌లో డేటా ఆదా చేసే లైట్ మోడ్‌ను గూగుల్ మూసేసింది, ఇక అవసరం లేదని. అయినా పేజీలు మళ్లీ బరువెక్కాయి. 2010లో సగం పేజీలు 500 కిలోబైట్ల లోపే ఉండేవి, ఇప్పుడు మామూలు పేజీ 2 మెగాబైట్లు దాటుతోంది. పాత ఫోన్ వాడే ఖాలాకు, అమ్మీకి పనికొచ్చే సెట్టింగులు మూడే చెబుతాను. వాడని పొడిగింపులు తీసేయండి. తెరిచి వదిలేసిన ట్యాబులు మూసేయండి. కాష్‌ను రోజూ తుడిచేయకండి, ఇంట్లో ఉన్న బియ్యం పారబోసి మళ్లీ కొనుక్కున్నట్టు అది. ఫోన్ నిండిపోయినప్పుడు మాత్రమే తుడవండి.

చివరిగా ఒక గుజారిష్. మన వాట్సాప్ గ్రూపులు ఒకసారి చూడండి. మస్జిద్ ఎలాన్ బొమ్మ. జనాజా నమాజ్ టైము బొమ్మ. దువా, దాని తెలుగు అర్థం పూల అంచుల మధ్య బొమ్మ. స్కాలర్‌షిప్ ఆఖరి తారీఖు బొమ్మ. తాతల నాటి ఊరి సంగతులు రాసిన కాగితం కూడా ఫోటో తీసి బొమ్మే. ఇరవై ఐదేళ్ల కిందట ఇన్‌పేజ్ చేసిన పనే, అప్పుడు మజ్బూరీ, ఇప్పుడు ఆదత్. ఆ బొమ్మను చూపు లేని మన భాయ్ ఫోన్ అక్షరాలంత తేలిగ్గా చదివి వినిపించలేదు. వచ్చే ఏడాది వెతికితే దొరకడం కష్టం. ఫోన్ నిండగానే మనమే ముందు డిలీట్ చేసేదీ దాన్నే.

పూల బొమ్మ పెట్టండి, ఖూబ్‌సూరత్‌గానే ఉంటుంది. కానీ దాని కింద అదే మాట అక్షరాల్లో కూడా టైపు చేయండి, తెలుగులోనో ఉర్దూలోనో. ఒక జనాజా ఎలాన్ టైపు చేయడానికి ఒక నిమిషం పడుతుంది. ఊరికి దూరంగా, సిగ్నల్ సరిగా లేని చోట పనిలో ఉన్న కొడుక్కి బొమ్మ రాకపోయినా ఆ రెండు పంక్తులు వెళ్లిపోతాయి. జనాజా అందుకోవడానికి అతను బయలుదేరగలుగుతాడు.